కొలోన్ నుంచి మాధవరం దాకా

చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఇప్పుడు మాధవరం అంటే బస్టాండు. 2018 అక్టోబరులో ఇక్కడ కొత్త బస్టాండు తెరిచి, ఆంధ్రా వైపు వెళ్ళే బస్సులను కోయంబేడు నుంచి ఇటు మార్చారు. సంక్రాంతి ముందురోజు సాయంత్రం వచ్చి చూడండి. నెల్లూరు, తిరుపతి, శ్రీకాళహస్తి అని అరిచే కేకలు, పెట్టెల మీద కూర్చున్న పిల్లలు, కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరే పెద్దమనుషులు – అరగంటసేపు తమిళనాడులో ఉన్నామన్న సంగతే గుర్తుండదు. మా ముందు తరంవాళ్ళకు మాధవరం అంటే పాల కాలనీ. 2011లో కార్పొరేషన్‌లో కలిసేదాకా ఇది పట్నం బయటి ఊరు. ఇప్పుడు మెట్రో రైలు కోసం ఎక్కడపడితే అక్కడ తవ్వి పెట్టడం వల్ల, కొత్తగా వచ్చిన చుట్టాలు ‘ఇక్కడేమైనా యుద్ధం జరిగిందా’ అని అడుగుతున్నారు. వాళ్ళు వేళాకోళానికే అంటారనుకోండి.

ఈ ఊరి పక్కనుంచి పోయే దారిని పెద్దలు కలకత్తా రోడ్డు అంటారు. కాగితాల్లో జి.ఎన్.టి. రోడ్డు, అంటే గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు. మూలకడై, మాధవరం, పుళల్, రెడ్‌హిల్స్, షోళవరం, గుమ్మిడిపూండి, తడ దాటితే సూళ్ళూరుపేట. ఇరవై రెండేళ్ళుగా ఈ దారినే బ్యాంకుకు వెళ్ళి వస్తున్నాను. దీనికీ ఓ యుద్ధకథ ఉందని నాకు తెలిసింది మాత్రం జర్మనీలో ఒక ఊరు చూసి వచ్చిన తరువాత.

మా చిన్నవాడు ఆఖెన్‌లో ఇంజనీరింగు పైచదువు చదువుతున్నాడు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో సగానికి సగం ఇలాంటి పిల్లవాడో పిల్లో ఉంటారు గనక, వీసా సంగతులూ, ఆవకాయ సీసాకు ఎన్ని చుట్లు ప్లాస్టిక్ కాగితం చుట్టాలన్న సంగతీ ఇక్కడ రాయక్కర్లేదు. పోయినేడు వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఒక శనివారం మమ్మల్ని కొలోన్ తీసుకెళ్ళాడు. ఆఖెన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ గుమ్మం దాటి బయట కాలు పెట్టగానే ఎదురుగా పెద్ద చర్చి. తల ఎంత వెనక్కి వంచినా చివర కనపడదు. గోపురాల ఎత్తు 157 మీటర్లు. 1248లో పునాది వేస్తే 1880కి పూర్తయిందట. అంటే 632 ఏళ్ళు! ప్రాజెక్టు లోను ఇచ్చేటప్పుడు పని ఎప్పటికి పూర్తవుతుందని మా బ్యాంకులో ముందుగా అడుగుతాం. దీనికి ఎవరు అప్పిచ్చారో, ఏ ధైర్యంతో ఇచ్చారో!

చర్చి ముందు మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు విప్పుతుండగా మావాడు ఫోనులో ఒక ఫిల్ము పెట్టి చూపించాడు. ‘నాన్నా, మనం ఇప్పుడు కూర్చున్న చోటే ఇది’ అన్నాడు. 1945లో తీసినది. అవే రెండు గోపురాలు. చుట్టూ మాత్రం ఊరు లేదు. కప్పులు లేని గోడలు. కిటికీలున్నాయిగాని వాటిలోంచి గది కనబడదు, ఆకాశం కనబడుతుంది. పక్కనే రైన్ నది. మేము గంట క్రితం రైలు కిటికీలోంచి చూసిన ఇనుప వంతెన ఆ ఫిల్ములో నడుము విరిగి నీళ్ళలో పడి ఉంది. వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యమే దాన్ని పేల్చేసిందట. మధ్యమధ్య చేతిబండి తోసుకుంటూ ఎవరో నడిచి పోతుంటారు. వాళ్ళ మొహాలు తెలియవు. శబ్దం కూడా లేదు.

1942 మే 30 రాత్రి ఇంగ్లీషువాళ్ళు వెయ్యికి పైగా విమానాలను ఒక్కసారిగా ఈ ఊరి మీదికి పంపారు. ఒక ఊరి మీదికి వెయ్యి విమానాలు పోవడం ప్రపంచంలో అదే మొదలు. పని గంటన్నరలో అయిపోయింది. యుద్ధం మొత్తం మీద 262 సార్లు బాంబులు పడ్డాయి. చర్చికి పద్నాలుగు బాంబులు తగిలాయి, అయినా నిలబడింది. యుద్ధానికి ముందు ఏడున్నర లక్షలు దాటిన జనాభా 1945 మార్చిలో అమెరికన్ సైన్యం వచ్చేసరికి నలభై వేలకు దిగింది. నేను లెక్కల మనిషిని. ఇన్ని లెక్కలు విన్నాక కూడా నాకు నిలిచిపోయింది ఆ కిటికీల్లోంచి కనబడే ఆకాశమే. అయితే ఈ బూడిద చూసి అయ్యోపాపం అనేముందు ముందు వరసలో వార్సా, రోటర్‌డామ్, లండన్ ఉన్నాయని మరచిపోకూడదు. ఆ మాట మా వాడే అన్నాడు. ఇదే ఊరి స్టేషన్ నుంచి యూదుల కుటుంబాలను రైళ్ళలో చావుకు పంపిన సంగతీ వాడే చెప్పాడు. ఆ రైళ్ళను తీరుబడిగా ఫిల్ము తీసినవాళ్ళు లేరు.

పైనుంచి విమానంలో తీసిన రంగుల ఫిల్ము అమెరికా వైమానిక దళానిది. తమ బాంబులు ఎంత పని చేశాయో చూసుకోవడం కూడా అందులో ఒక ఉద్దేశం. నేల మీద నుంచి నలుపు తెలుపులో తీసిన ముక్క జిమ్ బేట్స్ అనే సైనిక కెమెరామన్‌ది. 1945 మార్చి 6న ఇదే చర్చి ముందు ఒక జర్మన్ టాంకూ ఒక అమెరికన్ టాంకూ తలపడుతుండగా ఆయన తీసిన దృశ్యం జగత్ప్రసిద్ధం. మంటలు లేచిన టాంకులోంచి మనిషి దూకడం కూడా అందులో ఉంది. కుర్రవాళ్ళు దాన్నే మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం అదే రోజు అంతకు కాస్త ముందు, దగ్గర్లోని ఒక కూడలిలో జరిగిన ఘటన గురించి.

రెండువైపులా టాంకులు కాల్చుకుంటుంటే ఒక చిన్న నల్ల కారు మధ్యలోంచి దూసుకొచ్చింది. ఎవరి కారో, ఎందుకొచ్చిందో చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు. కారు ఆగిపోయింది. నడుపుతున్న ఆయన పోయాడు. పక్కన కూర్చున్న ఆడమనిషిని సైన్యంలోని వైద్య సిబ్బంది కింద పడుకోబెట్టి కట్టు కట్టబోవడం ఫిల్ములో కొన్ని క్షణాలపాటు కనబడుతుంది. ఆమె కూడా బతకలేదు. యాభై ఏళ్ళు ఆ బొమ్మకు పేరు లేదు. 1990లలో క్లారెన్స్ స్మోయర్ అనే మాజీ అమెరికన్ సైనికుడికి ఈ ఫిల్ము వీడియో క్యాసెట్‌గా చేరింది. యుద్ధం తరువాత పెన్సిల్వేనియాలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆనాడు ఆ టాంకులో గురిపెట్టి కాల్చింది ఆయనే. చూశాడు. అప్పటినుంచి నిద్రకు దూరమయ్యాడు. ఆమెను చంపింది తానేనా? ఆ ప్రశ్న పట్టుకుని 2013లో, తొంభైకి దగ్గరపడ్డ వయసులో, కొలోన్ వచ్చాడు. అవతలి టాంకులో ఉన్న గుస్తావ్ షేఫర్ అనే జర్మన్ సైనికుడూ వచ్చాడు. కారు మీద తానూ కాల్చానని అతను ఒప్పుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి ఆమె సమాధి మీద పూలు పెట్టారు. అప్పటికి ఆమె పేరు తెలిసింది – కాతరీనా ఎస్సర్. వయసు ఇరవై ఆరు. కిరాణా దుకాణంలో గుమాస్తా. కారు నడిపినాయన ఆ దుకాణం యజమాని. షేఫర్ 2017లోనూ, స్మోయర్ 2022లో తొంభై తొమ్మిదో ఏటా పోయారు.

ఇడ్లీలు చల్లారిపోయాయి. మా ఆవిడ ‘తిరిగి వెళ్ళాక అత్తయ్యకు ఇది చూపించండి’ అంది.

ఎందుకలా అందో అప్పుడు అడగలేదు. మా అమ్మకు తొంభై. కళ్ళు బాగానే ఉన్నాయి, చెవులే సహకరించవు. అందుచేత శబ్దం లేని ఫిల్ము ఆవిడకు అనుకూలమే. మాధవరంలో మా ఇంటి టీవీలో పెట్టి చూపించాను. ఆసాంతం కదలకుండా చూసి, ‘ఆ ఊళ్ళో జనమంతా యాడికి పోయినార్రా?’ అని అడిగింది. పల్లెలకు పోయారని చెప్పాను. ‘మేమూ పోలా? ఈ రోడ్డునే గదా పోయినాం’ అని మా కిటికీలోంచి చెయ్యి చూపించింది.

ఈ సంగతి చదివేవారిలో చాలామందికి ఇళ్ళలో వినికిడిగా తెలిసే ఉంటుంది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కొలోన్ మీదికి వెయ్యి విమానాలు పోవడానికి ఎనిమిది వారాల ముందు మాట. విశాఖకు వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. అయినా తూర్పు తీరం యావత్తూ గడగడలాడింది. ఆ వారంలోనే మద్రాసు ప్రభుత్వం, పట్నంలో ఉండి తీరవలసిన పనిలేనివారు వెళ్ళిపోవడం మంచిదని ప్రకటించింది. ఆఫీసులను లోపలి జిల్లాలకు తరలించారు. బాంబు పడి బోనులు విరిగితే ప్రమాదమని సెంట్రల్ స్టేషన్ పక్కనున్న జంతుప్రదర్శనశాలలో పులులనూ సింహాలనూ పోలీసుల చేత కాల్పించారు. ‘సింహాలను చంపినారంటే ఇంక మనమెంత’ అన్నాడట మా తాత. ఆయన జార్జిటౌన్‌లో ఒక ధాన్యం కొట్టులో గుమాస్తా. ఆ సాయంత్రమే బండి మాట్లాడాడు.

అమ్మకు అప్పుడు ఏడేళ్ళు. రైల్లో చోటు దొరికే ఆశ లేదు. ఒక రెండెద్దుల బండి, అందులో ఆరుగురు మనుషులు, ఒక రుబ్బురోలు. (‘రుబ్బురోలెందుకమ్మా’ అంటే, ‘మా అమ్మ దాన్ని వదిలి రానన్నది’ అని జవాబు.) సూళ్ళూరుపేట దగ్గర పల్లెలో తాత అక్కగారి ఇల్లు. చేరడానికి మూడు పగళ్ళు, రెండు రాత్రులు పట్టింది. దారి పొడవునా బండ్లే. దీపం వెలిగించవద్దని ఎవరో చెప్పారట. చీకట్లో ముందు బండి ఎద్దు మెడలో గంట వింటూ వెనక బండ్లు నడిచాయట. మూలకడై దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టారు. మొదటి రాత్రి పుళల్ చెరువు గట్టు కింద పడుకున్నారు. ఇంటి తాళంచెవి మాత్రం అమ్మమ్మ మెడలో పుస్తెలతోపాటు వేలాడుతూ ఉండేదట.

ఇక బాంబుల సంగతి. 1943 అక్టోబరులో ఒక రాత్రి ఒంటరి జపాన్ విమానం ఒకటి వచ్చి మద్రాసు మీద కొన్ని బాంబులు పడేసి పోయింది. చెప్పుకోదగ్గ నష్టం లేదు. అప్పటికి మావాళ్ళు తిరిగి వచ్చేశారు. అమ్మ ఆ రాత్రి నిద్రపోయిందట.

అసలు పట్నం మీద గుండ్లు పడింది అంతకు ముందు యుద్ధంలో. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర వేళ ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక వచ్చి, సెర్చిలైటు వేసి, పది నిమిషాల్లో నూట పాతిక గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, చీకట్లో కలిసిపోయింది. కనీసం అయిదుగురు చనిపోయారు. జనం అప్పుడూ పట్నం వదిలి పరుగెత్తారు. మా అమ్మ మాటల్లో ఇప్పటికీ గడుసువాణ్ణి ‘వాడొట్టి ఎండెన్’ అనడం ఉంది. తమిళులైతే చెప్పనే అక్కర్లేదు. హైకోర్టు తూర్పు గోడకు గుండు తగిలిన చోట ఒక రాతి పలక పెట్టారు. ఇన్నేళ్ళు అటువైపు బ్యాంకు పని మీద ఎన్నిసార్లు వెళ్ళానో! ఈసారి పలక కోసమే వెళ్ళాను. ఆటోలు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి, వంగి చూడాలి. అక్కణ్ణుంచి కోటలోని మ్యూజియానికి నడిచాను. అద్దం వెనక గుండు ముక్క ఉంది. మన రోలుముక్కలా ఉంది, అంతే. బడి పిల్లలు దాని ముందు రెండు సెకన్లు కూడా ఆగడం లేదు, పక్కనున్న కత్తుల దగ్గరికి పరుగెడుతున్నారు.

ఆ నౌకకు పేరిచ్చిన ఎండెన్ అనే ఊరు జర్మనీ ఉత్తర తీరాన ఉంది. 1944 సెప్టెంబరు 6న విమానాలు ఆ ఊరి నడిబొడ్డును దాదాపు నేలమట్టం చేశాయి. కాంక్రీటు బంకర్లు విస్తారంగా ఉండడం వల్ల జనం చాలావరకు బతికారు. సరిగ్గా పద్దెనిమిదేళ్ళకు, 1962లో అదే తేదీన, తిరిగి కట్టిన నగర భవనాన్ని తెరిచారు. ఇంకొక విశేషం. నౌక 1914 నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక చేతిలో నాశనమైంది. బతికి బయటపడిన నావికులు తమ ఇంటిపేరుకు ఎండెన్ అని చేర్చుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. ఆ ఇంటిపేర్లు నేటికీ ఉన్నాయి. గుండు వేసినవాళ్ళకు ఇంటిపేర్లు మిగిలాయి. ఇక్కడ ఆ రాత్రి పోయినవాళ్ళ పేర్లు మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పరు.

మరి మన ఊరి ఫిల్ము ఏదీ? మా వాడు ఫోనులో ఇదే అడిగాడు. సినిమా మనకేం కొత్త కాదు. ఎండెన్ వచ్చిన ఆ ప్రాంతాల్లోనే మన తెలుగువాడు రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో గెయిటీ థియేటరు నడుపుతున్నారు. 1921లో ఆయన కుమారుడు ప్రకాష్ తీసిన భీష్మప్రతిజ్ఞలో ఈరోజు చూడడానికి ఒక్క అడుగు కూడా మిగల్లేదు. రెండో యుద్ధం నాటికి స్టూడియోలు చాలానే ఉన్నాయి గాని ముడిఫిల్ముకు కరువు వచ్చింది. సినిమా నిడివి పదకొండు వేల అడుగులు దాటకూడదని 1942లో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మన పాత సినిమాలు ఉన్నట్టుండి కురచ కావడానికి కారణం అదే. ఉన్న ఫిల్ముతో ఎద్దుబండ్లను ఎవరు తీస్తారు? నేను చూసిన యుద్ధకాలపు న్యూస్‌రీళ్ళలో కవాతులున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి, గవర్నరుగారి దండలున్నాయి. మాధవరం రోడ్డు నా కంట పడలేదు.

మిగిలినవి చోట్లే. ఒక ఆదివారం అమ్మను కారులో కూర్చోబెట్టుకుని ఆ పాత దారినే బయల్దేరాను. మూలకడైలో ఇప్పుడు ఫ్లైఓవరు. ఎద్దులకు నీళ్ళు పెట్టిన చోటు దాని కింద ఎక్కడో ఉండాలి, అమ్మ గుర్తుపట్టలేకపోయింది. పుళల్ చెరువు మాత్రం చూడగానే, ‘ఇదే, ఇదే’ అంది. పట్నానికి తాగేనీళ్ళిచ్చే రెడ్‌హిల్స్ చెరువు ఇదే. అక్కడ గట్టు మీద ఒక పాత తగాదా తీరింది. మా తాత పట్నానికి తిరిగి వచ్చాక ‘రెడ్‌హిల్స్ చెరువులో విమానాలు బాతుల్లాగా నీళ్ళ మీద దిగుతున్నాయి’ అని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదట. అమ్మమ్మ చివరిదాకా దాన్ని తాత కోతల జాబితాలోనే ఉంచింది. తాత చెప్పింది అక్షరాలా నిజం. 1942 జులై నుంచి ఇంగ్లీషు వైమానిక దళంవారి 240వ స్క్వాడ్రన్ ఈ చెరువునే స్థావరం చేసుకుంది. నీటి మీద వాలే కాటలీనా విమానాలు ఇక్కణ్ణుంచి లేచి, బంగాళాఖాతం మీద జపాన్ జలాంతర్గాముల కోసం ఇరవై గంటలదాకా తిరిగి, మళ్ళీ ఈ నీళ్ళ మీదే వాలేవి. ఇంకాస్త ముందుకు పోతే షోళవరం. అక్కడి యుద్ధకాలపు రన్‌వే మీదే తరువాత కారు పందేలు జరిగేవి. నా కాలేజీ రోజుల్లో స్నేహితులు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవారు. అది దేనికోసం వేసిన తారో ఎవరం అడగలేదు.

‘చూశావా, నాన్న అబద్ధం చెప్పలా’ అని అమ్మ రెండుసార్లు అంది. ఎవరితో అందో నాకు తెలుసు.

ఆ రోజు కారులోనూ, తరువాత రెండు సాయంత్రాలూ అమ్మ చెప్పినదంతా ఫోనులో రికార్డు చేశాను. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. బండిలో ఉన్న ఆరుగురి పేర్లూ, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా చెప్పింది. బండివాడి పేరు ఎంత ఆలోచించినా రాలేదు. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి చెప్పింది. అప్పటికి నా ఫోను ఇంకో గదిలో ఉంది, కలంతో రాసుకున్నాను.

మన సంఘంలో మాధవరం వైపే మరో ఇద్దరు పెద్దలున్నారు. ఒకరు తొంభై మూడేళ్ళాయన. బాంబులు పడ్డ రోజున విశాఖలో బడిపిల్లవాడు. ఇంకొకామె మింట్ వీధి నుంచి తిరుపతి దాకా వెళ్ళిన కుటుంబం. ఆయన కూతురితో మాట్లాడాను. మధ్యాహ్నం పడుకుని లేచాక అయితే జ్ఞాపకం బాగుంటుందట. వచ్చే ఆదివారం నాలుగింటికి రమ్మన్నారు.